గోడే ఎక్కువున్న ఫోటో

“పిల్ల ఫోటో తీయమంటే గోడ ఫోటో తీసినావేమబ్బా?”

రత్నమ్మ ఫోటోను కౌంటరు మీద పెట్టింది. ధర్మవరం నుంచి వచ్చిన సంబంధానికి పంపడానికని కూతురు సుమలతను పెనుకొండ నుంచి హిందూపురం తీసుకొచ్చి, యువరాజ్ స్టూడియోలో వదిలి బజారుకు పోయింది. తీరా వచ్చి చూస్తే ఫోటో నిండా తెల్లగోడ. సుమలత కుడి అంచున, ఇంకో అడుగు వేస్తే ఫోటోలోంచి వెళ్లిపోయేలా ఉంది. కెమెరా వైపు కూడా చూడలేదు. పక్కకు తిరిగి, ఎటో చూసి నవ్వుతోంది.

యువరాజ్ చెక్కు చెదరలేదు. నడిమధ్య నిలబెట్టి తీసిన ఫోటోలు ఫోన్లో ఎవరూ ఆగి చూడరనీ, మనిషిని అంచుకు జరిపి చూపును బయటికి వదిలేస్తే చూసేవాళ్ల కన్ను అక్కడే చిక్కుకుంటుందనీ చెప్పాడు. ఇలా తీయకూడదని నేర్పుతారనీ, అందుకే తీశాననీ కూడా అన్నాడు. రత్నమ్మకు ఒక్క ముక్కా నచ్చలేదు. మళ్లీ తీయమంది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే సుమలత మాత్రం, పంపితే ఇదే పంపమనీ, లేకుంటే సంబంధాలే చూడొద్దనీ తేల్చేసింది.

“ఇది చూసి ధర్మవరం వాళ్లు పరిగెత్తుకొని రాకుంటే నన్ను అడుగక్కా” అన్నాడు యువరాజ్.

వారం తిరక్కుండానే రత్నమ్మ ఒక్కతే వచ్చింది.

“రాలేదబ్బా. పిల్లోనికి ఫోటో నచ్చిందంట. వాళ్లవ్వ వద్దనింది.”

ధర్మవరంలో పట్టుచీరలమ్మే ఇల్లు అది. అవ్వ ఫోను కళ్ల దగ్గర పెట్టుకొని చాలాసేపు చూసిందట. పిల్ల చక్కగా ఉందని మెచ్చుకుందట. కానీ ఈ నవ్వు ఊరికే వచ్చింది కాదనీ, ఎవర్ని చూసి నవ్విందో వాడికే ఇచ్చి చేయమనీ చెప్పి ఫోను పక్కన పెట్టేసిందట. అదెవరని రత్నమ్మ ఎంత అడిగినా సుమలత చెప్పలేదు.

“నువ్వన్నా నిజం చెప్పు. ఆ పొద్దు ఆ పక్క ఎవరుండిరి?”

“ఎవరూ లేరక్కా. కెమెరా స్టాండు మీద ఉండె. రిమోట్ పట్టుకొని, మాట్లాడిస్తా, నేనొక్కణ్ణే…”

అంటూనే ఆ పొద్దు తను నిలబడిన చోటు వైపు తిరిగి చూశాడు.

రత్నమ్మ అతన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది. స్టూలు లాక్కొని నింపాదిగా కూర్చుంది.

“మీ నాయన ఫోన్ నంబరు చెప్పు.”