వెలి

“ఆపమ్మాయీ! కాస్త ఆపు!”

కోరిన్ ఉలిక్కిపడి తలెత్తింది.

ముందు బెంచీలో ఎవరో ముసలావిడ. ఎప్పుడొచ్చి కూర్చుందో.

మేకన్ ఊళ్లో ఎప్పుడో మూతపడిన చర్చి అది. సాయంత్రం అక్కడే కోరిన్ కచేరీ; ఇప్పుడు సాధన. గిటారు లేదు, డ్రమ్ము లేదు. ఒక కంప్యూటరు, నాలుగు మీటల పెట్టెలు, వాటిలోంచి వాళ్ల తాత గొంతు.

తాత పాస్టర్ ఎమరీ. అరవై ఏళ్ల కిందట ఇదే వేదిక ఎదుట, పెళ్లికాకుండా కడుపొచ్చిన ఓ పిల్లను నిలబెట్టి, “దేవుడి ఇంట్లోంచి పో!” అని గర్జించాడు. రేడియోలో జార్జియా రాష్ట్రమంతా విన్నది. గర్జన వెనకాల సన్నగా ఆ పిల్ల ఏడుపు.

ఆ పాత రికార్డులోని ఏడుపునే సాగదీసి, పొరల మీద పొరలు పేర్చి, కోరిన్ పాట కట్టింది.

ఊరు భగ్గుమంది. సైతాను సంగీతమన్నారు. కన్నతల్లి ఫోనెత్తడం మానేసింది.

ఆ పిల్ల ఎక్కడైనా బతికుంటే కాళ్లు పట్టుకోవాలని కోరిన్ ఎక్కని గుమ్మం లేదు. ఎవరినడిగినా “పేరు తెలీదమ్మా” అన్నారు. చివరికి రేడియోలో ఏడ్చి మరీ బతిమాలింది, ఒక్కసారి వచ్చి వినమని.

వచ్చినవన్నీ తిట్లే.

“ఎందుకాపాలి?” అంది కోరిన్.

“ఊపిరాడటం లేదు తల్లీ.”

“బయట బోలెడు గాలుంది.”

“అది కాదు. ఆ గొంతు...”

“మా తాత పరువు పోతోంది, అంతేగా?”

“మీ తాతకేం, మహారాజు. నేను చెప్పేది...”

“చాలు! పొద్దున్నుంచి మీలాంటి భక్తురాళ్లకి జవాబు చెప్పలేక చస్తున్నాను. లేవండి!”

“నోరెత్తనమ్మా. ఈ మూల కూర్చుని వింటాను.”

“వద్దు. బయటికి పొండి!”

ముసలావిడ ఆమె మొహంలోకి తేరిపార చూసింది.

“గొంతు అచ్చం ఆయనదే” అని గొణుక్కుంటూ తలుపు వైపు నడిచింది.

కాసేపటికి చర్చి కాపలాదారు హైరమ్ రెండు కాఫీలు పట్టుకొచ్చాడు.

“ఆవిడేదీ?”

“పంపేశాను బాబాయ్.”

హైరమ్ కాఫీలు బెంచీ మీద పెట్టేశాడు. వీధిలోకి పరిగెత్తాడు. కోరిన్ కూడా వెనకే పరిగెత్తింది.

బస్టాపులో ఎవరూ లేరు. బస్సు మలుపు తిరిగిపోయింది.

“ఎవరు బాబాయ్ ఆవిడ?”

“నాతో బడిలో చదివింది. ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటుందో అడిగితే చెప్పలేదు.”

“మరి ఇక్కడికెందుకొచ్చింది?”

“రేడియోలో నీ ఏడుపు విన్నదట. ‘పాస్టర్ మనవరాలికి నా పేరు చెప్పి పోతాను హైరమ్’ అంది.”

“ఏం పేరు?”

హైరమ్ తల దించుకున్నాడు.

“నువ్వు గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగావే తల్లీ, నేను కూడా తెలీదన్నానే... ఆ పేరే.”