బొగ్గుపిల్ల

షట్టర్ ఎత్తబోతుంటే కాలికి మెత్తగా ఏదో తగిలింది.

మెట్టు మీద మళ్ళీ అదే పిల్ల, చిరుగుల దుప్పట్లో మూటలా ముడుచుకుని.

"లే! ఇదేమన్నా సత్రమనుకున్నావా?" ఫోటో ఫ్రేముల షాపాయన కసిరాడు.

పదహారేళ్ళు కూడా నిండి ఉండవు. ఏ దేశం నుంచి కొట్టుకొచ్చిందో, ఇక్కడి మాటలు నాలుగు ముక్కలే వచ్చు. ఇల్లూ వాకిలీ లేవు. చేతులకు ఎప్పుడూ మసే. బొగ్గుపిల్ల అని పేరు పెట్టింది ఆయనే.

ఆయన కత్తిరించి పారేసిన అట్టముక్కలు ఏరుకుని, వాటి మీద బొగ్గుతో ముఖాలు గీస్తూ కూర్చునేది.

"చెయ్యి ఎంత బాగా తిరిగిందో చూడండి," అంది ఆయన భార్య అద్దం తుడుస్తూ.

"దొంగ చేతులు అలాగే తిరుగుతాయి. ఆ అట్టలెవరివి?"

"మీరు పారేసినవేగా!"

"పారేసినా నావే."

మధ్యాహ్నమయ్యేసరికి ఆ దేశం వాళ్ళు ఒక్కొక్కరే వచ్చేవారు. పిల్ల ఎదుట చతికిలబడి, కళ్ళు మూసుకుని, వాళ్ళ భాషలో ఏదో గొణిగేవారు. పిల్ల వింటూ గీసేది, చెరిపేది, మళ్ళీ గీసేది. చివరికి ఆ బొమ్మను గుండెకు హత్తుకుని భోరుమనేవారు.

"సోది చెబుతోంది. ఏడిపించి డబ్బు గుంజే రకం!"

"ఎవరి దగ్గరా పైసా తీసుకోదండీ. రొట్టె పెడితే తింటుంది, అంతే."

"నీకన్నీ తెలుసు మరి!"

ఆరోజు ఎవరో పెద్దమనిషి కారు దిగి, మెట్టు మీది పిల్లను చూసి, ముక్కు మూసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. షాపాయనకు ఒళ్ళు మండింది. పోలీసులకు ఫోన్ చేశాడు.

వ్యాన్ వచ్చింది.

పిల్ల గుమ్మం పట్టుకుని వదల్లేదు.

"ఇవాళ వద్దయ్యా. రేపు వస్తాను. ఇవాళ... మనిషి వస్తాడు."

"వస్తాడు, వస్తాడు! నీకోసం రాజుగారు పల్లకీలో వస్తాడు! ఎక్కించండి."

ఎక్కించారు.

"పీడ విరగడైంది," అంటూ బకెట్టెడు నీళ్ళు తెప్పించి మెట్టంతా కడిగించాడు.

అది ఆరకముందే ఒక ముసలాయన కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ బొమ్మలేసే పాప ఉండాలి కదండీ?"

"ఉండేది. సరిహద్దు దాటించేస్తారట. ఏం, నీకూ బొమ్మ కావాలా?"

ముసలాయన కర్ర మీద వాలిపోయాడు.

"మేం పడవ మునిగి ఒట్టి చేతులతో వచ్చినవాళ్ళం బాబూ. పోయినవాళ్ళ ఫోటో ఒక్కటీ మిగల్లేదు. మేం చెబుతుంటే, ఆ పాప వాళ్ళ ముఖాలు మాకు తిరిగి ఇచ్చేది."

"చూడకుండానే?" షాపాయన గొంతు తగ్గింది.

"చూడకుండానే."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. పాలు తాగే వయసులోనే తల్లి పోయింది. వాళ్ళమ్మను ఎరిగినవాళ్ళు ఎప్పటికైనా దొరక్కపోతారా, ముఖం ఎలా ఉండేదో చెప్పకపోతారా అని తనకు తనే నేర్చుకుంది. వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేది. ఆ ఆశే దాన్ని బతికించింది."

షాపాయన భార్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మరి ఎవరైనా దొరికారా తాతా?"

"నేనే దొరికానమ్మా," అన్నాడు ముసలాయన. "వాళ్ళమ్మ మా పక్కింటి పిల్ల, నా కళ్ళముందే పెరిగింది. ఆ ముఖం చెప్పడానికే, పాపకు కబురు పెట్టి మరీ ఇవాళ వచ్చాను."