తేట నీళ్లు

"చెప్పకుండా వచ్చావేమిటమ్మా?" అంటూ గని పంపు ఆపరేటర్ తన కూతురికి ఎదురొచ్చాడు. ముఖంలో కంగారు.

కూతురిది కాలుష్య తనిఖీ ఉద్యోగం. బొగ్గు గని నీళ్లలో మడ్డి అడుక్కి దిగడానికి తవ్విన చెరువు దాటి, ఆ నీళ్లు వాగులో కలిసే చోట నిలబడింది. ఎప్పుడూ తేటగా ఉండే నీళ్లు ఇవాళ సిరా ఒలకబోసినట్టున్నాయి.

"ఇదేమిటి నాన్నా? మడ్డి దిగకుండానే వదిలేస్తున్నారా?"

"వానలు కదమ్మా, గని మునుగుతుందని మేనేజర్ తొందర. రెండ్రోజులు పంపు ఆపితే తేటపడతాయి. ఎల్లుండొచ్చి పరీక్షకి నీళ్లు పట్టుకుపో."

"నేనెప్పుడొచ్చినా తేటగానే ఉండేవిగా!"

తండ్రి తల దించుకున్నాడు.

తనిఖీకి వచ్చే ముందు ఆమె ఇంటికి ఫోన్ చేసేది. "ఏ రోజొస్తావో చెప్పు తల్లీ, నీకిష్టమైనవి వండిస్తా" అని తండ్రి గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఆ మురిపెం చూసి ఆఫీసులో తోటివాళ్లు కుళ్లుకునేవారు.

"అయితే నువ్వడిగింది నా కోసం కాదన్నమాట."

"రెండూనమ్మా. నిన్ను చూడాలనీ ఉండేది. నువ్వొచ్చే రోజు ముందే మేనేజర్‌కి చెప్పకపోతే నా పొట్ట కొట్టేవాడు."

"పిల్లలు జబ్బు పడుతున్నారని వాగు దిగువవాళ్లు మొత్తుకుంటే, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని ఈ నోటితోనే చెప్పాను నాన్నా. మీరే శుభ్రంగా ఉండట్లేదేమో అని కూడా అన్నాను."

ఆమె వంగి నల్లనీళ్లు సీసాలో నింపి మూత బిగించింది.

"ఇంటికి రా. మీ అమ్మ సంతోషిస్తుంది," అన్నాడు తండ్రి.

"ముందు దిగువకి వెళ్లి, నేను చెప్పింది తప్పని వాళ్లకి చెప్పాలి. వాళ్లలో ఒక్కరు కూడా నన్ను గడప తొక్కనివ్వకపోతే, అప్పుడు మనింటికి రావడం గురించి ఆలోచిస్తాను," అంటూ జీపెక్కింది.