వంతెన దగ్గర నుంచి

“పదమూడో నంబరు.”

కారు కింద నుంచి గెథిన్ చెయ్యి బయటికి రాకముందే నెరిస్ ఆ స్పానర్ అందించింది. సైజులన్నీ ఆమెకి నోటికొచ్చు. ఈ పని ఎలా చెయ్యాలో చూపించే వీడియోలు భర్త కంటే ఆమే ఎక్కువ చూసింది.

శనివారం మధ్యాహ్నం. వరస ఇళ్ళ వెనక సందులో ఎర్ర రంగు చిన్న కారు స్టాండ్ల మీద లేచి ఉంది. పాత సైలెన్సర్ ఉదయమే ఊడింది. రబ్బరు పట్టీలు మొండికేస్తే నెరిస్ గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు తెచ్చి రాసింది. ఆ తర్వాత సులువుగా జారిపోయాయి.

కొత్త గొట్టం గెథిన్ నలభయ్యో పుట్టినరోజుకి ఆమె ఇచ్చిన కానుక. మధ్యలో శబ్దాన్ని మింగే డబ్బా లేని రకం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు రోజులు రకరకాల గొట్టాల మోత విని మరీ ఎంచింది. రగ్బీ క్లబ్బులో అతని స్నేహితులు కుళ్ళుకున్నారట. మా ఆవిడలు మేజోళ్ళతో సరిపెడతారు, నీకేమిట్రా ఈ యోగం అన్నారట.

కారు కిందికి దించి గెథిన్ తాళం తిప్పాడు. వంటింటి కిటికీ అద్దాలు అదిరాయి. వెనక గుమ్మం మెట్టు మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ కూతురు బెథాన్ చెవులు మూసుకోలేదు.

“ఇన్నాళ్ళూ పిల్లిలా వచ్చేది. ఇప్పుడు పులి,” అన్నాడు గెథిన్.

“తలుపులో తాళంచెవి తిరిగేదాకా నువ్వొచ్చావని తెలిసేదే కాదు,” అంది నెరిస్, నవ్వుతూ.

లోయ కిందున్న వంతెన దాకా వెళ్ళొస్తానని బయల్దేరాడు. నెరిస్ వంటింట్లోకి వెళ్ళి తలుపూ కిటికీ మూసి నిలబడింది. వంతెన దగ్గర కారు వెనక్కి తిరగడం అక్కడికే వినిపించింది. బెథాన్‌కి అన్నీ లెక్కపెట్టే అలవాటు. మెట్లు, కొండ మీది గొర్రెలు, బడికెళ్ళే దారిలో దీపస్తంభాలు. కారు వంతెన దగ్గర నుంచి మూడు మలుపులూ ఎక్కి సందులోకి వచ్చేసరికి ఆ పిల్ల లెక్క నూట ముప్పై దగ్గరుంది.

గెథిన్ దిగేసరికి పక్కింటి ఎమ్లిన్ టోపీ చేత్తో పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. భార్య డెలిత్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుందట, ఉలిక్కిపడి లేచిందట. చెప్పడానికే మొహమాటపడ్డాడు.

“వయసులో ఉన్నప్పుడు నేనూ మోటారు సైకిలు మోగించినవాణ్ణే నాయనా. కానీ మా డెలిత్‌కి పగలే కదా నిద్ర.”

నెరిస్ తల దించుకుంది. చలికాలంలో మెట్ల మీద జారి తన మణికట్టు విరిగినప్పుడు మూడు వారాలు సూప్ మోసుకొచ్చింది డెలిత్. ఎప్పుడేం కావాలన్నా గోడ మీద తట్టు, చాలు అంది.

గెథిన్ మంచివాడని వీధంతా అంటుంది. ఇప్పుడూ వెంటనే ఒప్పుకున్నాడు.

“దానికేముంది ఎమ్లిన్ గారూ, గంట పని. పాతది షెడ్డులో ఉంది, మళ్ళీ బిగించేస్తా.”

నెరిస్ చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది. “అది లేదు,” అంది.

“లేకపోవడమేంటి?”

“నువ్వు టీ తాగుతున్నప్పుడు పాత ఇనుము బండి వచ్చింది. పాడైన పొయ్యితో పాటు అదీ ఇచ్చేశాను. ఇంక పనికిరాదనుకున్నా.”

గెథిన్ ఆమెని ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఎమ్లిన్ వైపు తిరిగి నవ్వాడు. “చూశారా. మా ఆవిడకి బోల్టుల నంబర్లన్నీ గుర్తే. బుర్ర ఎక్కడ పెట్టిందో అదొక్కటే గుర్తుండదు.”

ఎమ్లిన్ కూడా కాస్త నవ్వాడు. ఇంతలో గెథిన్‌కి మరోటి గుర్తొచ్చింది. గొట్టం చివర దూర్చితే మోత తగ్గించే చిన్న ఇనప అడ్డు ఒకటి కొత్తదాంతో పాటే వస్తుంది. అట్టపెట్టె నేలమీద బోర్లించాడు. కాగితాలు, నురగ ముక్కలు, బోల్టుల పొట్లం. అడ్డు లేదు. నెరిస్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని అతనితో పాటు వెతికింది. ఏప్రాన్ జేబులోంచి అది ఆమె తొడకి గట్టిగా ఒత్తుకుంటోంది.

“పంపడం మర్చిపోయుంటారు,” అంది.

వచ్చే శనివారంలోగా తెప్పిస్తానని గెథిన్ మాటిచ్చాడు. వారం. నెరిస్‌కి దొరికింది అంతే. ఎమ్లిన్ వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు.

“నువ్వు కూడా కాస్త గుర్తుచెయ్యి తల్లీ. నీ మాటయితే వింటాడు.”

ఆమె సరేనని తలూపింది.

కారు స్నేహితులకి చూపించడానికి గెథిన్ క్లబ్బుకి బయల్దేరాడు. పాత గొట్టం సంగతి వచ్చాక మాట్లాడుకుందామని ఆమె భుజం మీద చెయ్యేసి చెప్పాడు. మెల్లగానే చెప్పాడు.

నెరిస్ ఆ ఇనప అడ్డుని బంగాళాదుంపల తొక్కల అడుగున పెట్టి, చెత్త సంచీ మూతి కట్టేసింది. ఆరింటికి డెలిత్ డ్యూటీకి వెళ్తూ కిటికీ ముందు నుంచి చెయ్యూపింది. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నెరిస్ కూడా చెయ్యూపింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.

ఆరున్నరకి వంతెన దగ్గర గర్జన మొదలైంది. వీధిలో ఎవరో విసుగ్గా కిటికీ మూసుకున్నారు. నెరిస్ పొయ్యి కట్టేసింది.

బెథాన్ రంగుల పుస్తకం మూసి లేచింది. మెట్ల దగ్గర ఆగి తల్లి వైపు తిరిగింది.

“నూట ముప్పై ఉన్నాయి కదమ్మా,” అంది.

నెరిస్ తలూపింది.

“మంచం కింద దాక్కోవడానికి నాకు నలభై చాలు, మిగతావి నువ్వు తీసుకో.”