బుట్టదొంగ

ఆ ఉదయం కూడా కొట్టు ఖాళీగా ఉంది.

చెల్లెలు అలమార తలుపు తీసి చూసింది. టోపీలన్నీ ఉన్నాయి. చంటిపిల్లల ఊలు టోపీలు. కుందేలు చెవులు, ఒకటి నిలబడి, ఒకటి వాలిపోయి.

ఆన్‌లైన్ కొట్టులో మాత్రం ప్రతి టోపీ కింద ‘సరుకు లేదు’ అని ఉంది.

“అక్కా, మళ్ళీ వచ్చాడు.”

అక్క టీ గ్లాసు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ లాక్కుంది.

ఎవరో పొద్దున్నే వచ్చి టోపీలన్నీ తమ బుట్టలో వేసుకుంటున్నారు. కొనరు. వదలరు. అక్కాచెల్లెళ్ళు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ పద్ధతి అలాంటిది. ఒకరి బుట్టలో పడ్డ వస్తువు, వాళ్ళు వదిలేదాకా ఇంకొకరికి దొరకదు. ఇంతవరకు ఒక్క టోపీ అమ్ముడుపోలేదు.

ఆ మనిషికి అక్క బుట్టదొంగ అని పేరు పెట్టింది.

“ఇవాళ ఏదో రాశాడే.”

కొట్టువాళ్ళతో మాట చెప్పుకోవడానికి బుట్ట కింద చిన్న గడి ఉంటుంది. అందులో ఉంది: ‘ఎవరికీ అమ్మకు. కొట్టు మూసెయ్.’

చెల్లెలు లేచి వెళ్ళి వీధి తలుపు గడియ చూసింది. వేసే ఉంది. వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసింది.

“ఆయనే అక్కా.”

“ఆయనేమిటే? వాడు అను.”

“పాపని లాక్కుపోతాడు. నన్ను బతకనివ్వడు.”

పాప లోపలి గదిలో నిద్రపోతోంది. ఆ బిడ్డను భుజాన వేసుకుని, కట్టుబట్టలతో ఊరు మారి వచ్చింది చెల్లెలు. మొదటి కుందేలు టోపీ పాపకోసం మొగుడింట్లో ఉన్నప్పుడే అల్లింది. అప్పుడు మణికట్టు తిన్నగా ఉండేది.

“వాడికి కావలసింది నువ్వు. కొట్టు మూయిస్తే వాడికేం లాభం? ఇది పోటీ కొట్టువాళ్ళ పని. ‘మీరు’ అన్న మాటైనా లేదు, పొగరు చూడు.”

“మన అడ్రసు ఎక్కడా కనబడదు కదా?”

“ఎన్నిసార్లు చెప్పాలే? పేజీలో ఎక్కడా లేదు. కొన్నవాళ్ళకి వెళ్ళే బిల్లు మీద మాత్రం ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి పంపాలిగా, అది తప్పదు. అయినా కొనేదెవరు? చంటిపిల్లల తల్లులు.”

చెల్లెలు మణికట్టు పట్టుకుని కూర్చుంది.

“చెయ్యి విరిగిన రోజు అత్తయ్య పక్కగదిలోనే ఉంది అక్కా. తల కూడా ఎత్తలేదు. ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది.”

“ఆవిడ ఊసెత్తకు. గోడకైనా జాలేసేది.”

అక్క ఇంకో సాఫ్ట్‌వేర్ అమ్మే అతనికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

“కొనకుండా బుట్టలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఒకరున్నారండీ. వదిలించుకోవాలి.”

“మా దాంట్లో బుట్టలో కాపురం పెడతానంటే కుదరదు మేడమ్. కాసేపు చూస్తుంది. కొనకపోతే సరుకు లాగేసి మళ్ళీ కొట్టులో పెట్టేస్తుంది. మరీ అల్లరి చేస్తే ఒక్క నొక్కు నొక్కండి. ఆ ఫోన్‌లో మీ కొట్టు ఇక తెరుచుకోదు.”

“పాతదే ఉండనియ్యి అక్కా,” చెల్లెలు గుసగుసగా అంది. “ఎవరూ కొనకపోయినా ఫరవాలేదు.”

“కొనకపోతే తినేదేమిటే, టోపీలా?”

మధ్యాహ్నానికి కొట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. బుట్టదొంగ అక్కడికీ వచ్చాడు. టోపీలన్నీ బుట్టలో వేసుకున్నాడు. గడిలో ఇంకో మాట రాశాడు: ‘చెప్పినమాట విను.’

“చూశావా, మళ్ళీ బెదిరింపు,” అంది అక్క. “నొక్కు.”

చెల్లెలు కళ్ళు మూసుకుని నొక్కింది.

బుట్ట మాయమైంది. టోపీలన్నీ కొట్టులోకి వచ్చాయి.

“పీడ వదిలింది,” అంది అక్క.

సాయంత్రం మొదటి గిరాకీ తగిలింది. ఒక కుందేలు టోపీ. ఎవరో ఆడమనిషి పేరు. బిల్లు దానంతటదే వెళ్ళిపోయింది. అక్క చెల్లెల్ని కావలించుకుంది. చెల్లెలు టోపీలన్నీ బల్లమీద పరిచి, వాటిలో మంచిది ఏరి, వాలిన చెవి నలగకుండా కాగితంలో చుట్టింది.

ఆ రాత్రి గడియ ఒక్కసారే చూసింది.

మర్నాడు అక్క పనికి వెళ్ళాక గంట మోగింది. కొరియర్ అతను వచ్చే వేళే. చెల్లెలు పొట్లం చేత్తో పట్టుకుని, గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది.

సందులోంచి ముందు ఒక ఫోన్ కనిపించింది. దానిమీద బిల్లు.

“పార్సిల్‌కి నేనే వచ్చా. పంపక్కర్లేదు.”

తలుపు నెట్టింది. మూసుకోలేదు. అతని బూటు గడప లోపల ఉంది.

లోపల పాప ఏదో పాడుకుంటోంది.

“నా కూతురి టోపీ చెవి నాకు తెలియదనుకున్నావా? ఎప్పుడో చూశా ఫోన్‌లో. ‘నీ కోడలు దొరికిందే’ అని అమ్మకి చూపించా కూడా. కొంటే అడ్రసు వస్తుంది కదా అని రోజూ చూడటమే. ఏ రోజు చూసినా సరుకు లేదు, సరుకు లేదు.”

ఆమె తలుపుకి వీపు ఆనించింది. గొలుసు మేకు కర్రలోంచి కదిలింది.

“నిన్న దొరికింది. బిల్లు చూపించగానే మా అమ్మ ఒకటే ఏడుపు. ఎందుకా అని దాని ఫోన్ లాక్కుని చూశా.”

మేకు సగం బయటికి వచ్చింది.

“ముసల్ది, రోజూ నాకంటే ముందే లేచి, నీ కొట్టంతా తన బుట్టలో పెట్టుకుని కూర్చునేదే.”