దొరకని కడ్డీ

ఆత్మకూరులోని పాత ఇనుప సామాను కొట్టులో ఉమారాణి రేడియేషన్ మీటరు పట్టుకుని మూలమూలా తిరిగింది. మీటరు పలకలేదు.

ఆమె వనపర్తిలో మట్టి పరీక్షల ల్యాబుకు అధికారి. నేల గట్టిదనం కొలిచే, చాన్నాళ్లుగా మూలపడిన ఒక యంత్రాన్ని ఎవరో తుక్కుతో కలిపి ఈ కొట్టుకు పంపేశారు. అందులో మూరెడు ఉక్కు కడ్డీ ఉండాలి. దాని కొసన రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. యంత్రం పెట్టె దొరికింది కానీ లోపల కడ్డీ లేదు.

"నిజం చెప్పు జంగమ్మా. అది దగ్గరుంటే రోగాలొస్తయి. ఎవరికిచ్చినవ్?"

కొట్టు నడిపే జంగమ్మ చేతులు జోడించింది. "నా బిడ్డ మీదొట్టు మేడం. పెట్టె ఉత్తదే వచ్చింది. కడ్డీ సంగతి నాకు తెల్వదు."

ఉమారాణి నమ్మలేదు. పోలీసులకు చెబుతానని బెదిరించి, మీటరు ఆపకుండానే బ్యాగులో పడేసుకుని బస్సెక్కింది.

ఆమె వెళ్లేసరికి ల్యాబులో అందరూ భోజనాల గదిలో ఉన్నారు. ఆ గది గుమ్మంలో అడుగుపెట్టగానే బ్యాగులోని మీటరు కీచుమంది. చిన్న కిటికీ వైపు నడిచేకొద్దీ మోత పెరిగింది.

ఆమె తలెత్తి చూసింది. కిటికీ తెర వేలాడుతున్నది ఆ ఉక్కు కడ్డీకే. ఎప్పుడో యంత్రంలోంచి ఊడదీసి అక్కడ బిగించారు. రోజూ మధ్యాహ్నం ఎండ పడకుండా ఆ తెర లాగేది తనే.

"ఏంది మేడం, ఆ సప్పుడు?" కిటికీ కింద కూర్చున్న టైపిస్టు నవ్వుతూ పక్కకు జరిగింది. "మీ జాగ మీకే ఉంచినం. రాండ్రి, తిందాం."