తొలవని కాయలు

"సున్నా లోపల ఉండాదా, బయట ఉండాదా? అది చెప్పు కణ్ణూ, చాలు," అన్నాడు దొరైస్వామి, కూతురి లాప్‌టాప్ మీదికి వంగి.

"బయటే నైనా," అంది కృత్తిక.

పురుగుమందు అమ్మే మోహన్‌రాజ్ తొడ చరుచుకున్నాడు. "నేను చెప్పలా అణ్ణా!"

దొరైస్వామికి కినత్తుకడవు రోడ్డుకు అటొక కొబ్బరితోపు, ఇటొకటి. ఒకే వయసు చెట్లు, ఒకే బావి నీళ్లు. పురుగు పట్టకుండా చెట్ల వేళ్లకు మందు సంచులు కట్టేటప్పుడు ఏ తోపుకు ఏదని చీటీ వేశారు. తూర్పు తోపుకు పాత వేపమందు వచ్చింది, పడమటి తోపుకు మోహన్‌రాజ్ తెచ్చిన కొత్తది. పురుగు సంగతి ఎలా ఉన్నా, ఉడుతలు తొలిచిన లేతకాయలు పడమట బాగా తగ్గినట్టు కనిపించాయి. నిజమో, భ్రమో తేల్చమని కోయంబత్తూరులో గణాంకశాస్త్రం చదివే కూతురిని పిలిపించాడు దొరైస్వామి. తేలితే రేపటి నుంచి రెండు తోపులకూ కొత్త మందే.

"తూర్పున నూటికి ముప్పై ఎనిమిది కాయలు తొలిచినవి. పడమట పన్నెండు. తేడా ఇరవై ఆరు."

"అంతే, ఖాయమా?"

"అంతే అని కాదు నైనా. తోపుకు రెండు వందల కాయలే చూసినాం. అసలు తేడా పద్దెనిమిదికీ ముప్పై నాలుగుకూ మధ్య ఎక్కడో ఉండొచ్చు. సున్నా అంటే తేడా లేనట్టు. అది ఆ హద్దుల్లో లేదు. రెండు మందులూ ఒకటే అయ్యుంటే, ఊరికే ఇంత తేడా రావడం చాలా అరుదు."

"సెరి, ఇంకేం!"

"తేడా ఉందని లెక్క చెప్తుంది. ఎట్లా వచ్చిందో చెప్పదు."

"ఎట్లా ఏముంది పాపా, వాసన!" అన్నాడు మోహన్‌రాజ్. "ఆ వాసనకి ఉడుత దగ్గరికే రాదు."

వాసన మాట నిజమే. పొద్దున పడమటి తోపులో కృత్తిక ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. తూర్పున ఉడుతల కిచకిచల మధ్య ఫోన్ మాట్లాడలేకపోయింది. పడమట తన అడుగుల చప్పుడు తనకే వినిపించింది.

"సామీ," వాకిట్లోంచి సెల్లాయి పిలిచింది. తోపులు ఊడ్చే మనిషి. నెత్తిన కొబ్బరాకు కప్పిన గంప. "ఇది ఎక్కడ పోసేది? పడమటి తోపు గుంట నిండిపోయె."

"ఉండు సెల్లాయీ, లెక్క ముగియనీ."

ఆమె గంప దించి, ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

లోపలి నుంచి వదిన మేనక ఎళనీరు తాగడానికి కొట్టిన కొబ్బరిబోండంతో వచ్చింది. అయిదో నెల. పోయినసారి కడుపు మూడో నెలలోనే పోయింది. ఈసారి ఆమె తుమ్మినా ఇంటిల్లిపాదీ లేచి నిలబడుతున్నారు. రోజూ ఎళనీరు తాగమంది డాక్టరమ్మ.

"ఏ తోపుది వదినా?"

"పడమటిదే. మామ నాకోసమని అక్కడే కోయిస్తారు. ఉడుత తొలిచిన ఓట్ట ఒక్కటీ ఉండదు." కడుపు మీద చెయ్యేసుకుని నవ్వింది. "నీ మేనల్లుడు ఈ రుచి మరిగినాడు."

"మందు కట్టినాక కొన్నాళ్లు కాయ కోయకూడదంటారే?"

"అది పాత రకాలకి పాపా," అన్నాడు మోహన్‌రాజ్. "ఇది కాయకి ఎక్కదు."

"కంప్యూటరే ఒప్పుకున్నాక నీకేంటమ్మా అనుమానం?" దొరైస్వామి నవ్వాడు. "తాగు మేనకా."

మేనక తల పైకెత్తి చివరి చుక్క దాకా తాగింది.

"ముగిసిందా సామీ?" సెల్లాయి కొబ్బరాకు తొలగించింది.

గంప నిండా చచ్చిన ఉడుతలు.